సినిమాలో మారిన హంతకుడు, పెరోల్ బోర్డు ముందు కూర్చున్న హంతకుడు

ఒక సిరీస్‌లో హత్య చేసి ఇరవై ఏళ్లు జైల్లో ఉన్న మనిషి పెరోల్ బోర్డు ముందు కూర్చుని, కళ్లనీళ్లు పెట్టుకుని నాలుగు మాటలు చెప్తాడు, వాళ్లు వదిలేస్తారు. నిజంగా అలా జరుగుతుందా, మనిషి మారాడని ఎలా తెలుస్తుంది, అలాంటివాడు మీ పక్కింట్లో దిగితే మీరు ఒప్పుకుంటారా అని అడిగారు. మొదటి రెండింటికీ నా అనుభవంలోంచి చెప్పగలను. మూడోదానికీ నా దగ్గర జవాబుంది, చివర్లో చెప్తాను.

నేను న్యాయ సహాయం పనిలో భాగంగా చాలా ఏళ్లు జీవిత ఖైదీలకు విడుదల అర్జీలు రాసిపెట్టాను. ములాఖత్ గదిలోనో, జైలు లైబ్రరీలోనో, ఒక్కోసారి వరండాలో చాప మీదో కూర్చుని వాళ్ల చేత మాట్లాడించి రాయడం నా పని. జైలు కథలంటే సినిమాల్లోనూ వదలను. రెండూ పక్కపక్కన చూస్తూ వచ్చాక నాకు గట్టిగా అనిపించిన మాట ఒకటుంది. సినిమాకి మార్పు ఒక క్షణం. లోపల ఉన్నవాడికి అది ఏళ్ల తరబడి రోజూ చేయాల్సిన పని. ఆ పనిని మనం తెర మీద ఎప్పుడూ చూడం కాబట్టే, బాగా ఏడ్చినవాడిని నమ్మేస్తాం, ఏడవడం రాని వాడిని అనుమానిస్తాం.

ముందుగా పెరోల్ అనే మాట దగ్గరే ఒక గందరగోళం తీర్చాలి. ఇంగ్లీష్ సినిమాల్లో పెరోల్ అంటే శిక్ష పూర్తికాకముందే షరతుల మీద బయటికి పంపడం. మన చట్టంలో పెరోల్ అంటే సెలవు లాంటిది. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదనో, ఎవరో పోయారనో కొన్నాళ్లు పంపిస్తారు, మళ్లీ జైలుకు రావాలి. ఫర్లో అని ఇంకోటుంది, అది ప్రత్యేకమైన కారణం లేకపోయినా సత్ప్రవర్తన చూసి ఇచ్చేది. ఈ రెండింటికీ ఉన్న తేడాని సుప్రీంకోర్టు 2017లో అస్ఫాక్ కేసులో వివరంగా చెప్పింది. మీరు సిరీస్‌లో చూసినదానికి మన దగ్గర దగ్గరగా ఉండేది శిక్ష తగ్గింపు, అంటే రెమిషన్. "పద్నాలుగేళ్లయితే వదిలేస్తారు" అనే మాట కూడా సగం సినిమాల పుణ్యమే. యావజ్జీవం అంటే బతికున్నంత కాలం అని 1961లోనే సుప్రీంకోర్టు తేల్చింది. హత్య లాంటి, మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, పద్నాలుగేళ్లు లోపల ఉన్న తర్వాతే విడుదల గురించి ఆలోచించవచ్చని పాత సీఆర్‌పీసీ 433ఎ చెప్పింది, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 475 చెప్తోంది. పద్నాలుగు దాటగానే తలుపు తెరుచుకోదు, తట్టే అర్హత మాత్రం వస్తుంది. అప్పుడు కూడా సినిమాలో లాగా ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగడం అరుదు. పోలీసుల నివేదిక, ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక, జైలు రికార్డు, జడ్జి అభిప్రాయం అన్నీ కలిపి ఒక ఫైలు కడతారు. చాలాసార్లు మనిషి మొహం చూడకుండానే ఆ ఫైలు మీద నిర్ణయం జరిగిపోతుంది.

ఇప్పుడు సినిమా దగ్గరకి వస్తాను. పెరోల్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది 'ది షాషాంక్ రిడెంప్షన్' (1994). అందులో రెడ్ అనే ఖైదీ జైల్లో ఇరవై ఏళ్లయ్యాక ఒకసారి, ముప్ఫై ఏళ్లయ్యాక ఒకసారి బోర్డు ముందుకు వెళ్లి ఒకే పాఠం అప్పజెప్తాడు. రెండుసార్లూ తిరస్కరిస్తారు. నలభై ఏళ్లయ్యాక వాళ్లని మెప్పించే ప్రయత్నం మానేసి మనసులో ఉన్నది చెప్తాడు, వదిలేస్తారు. ఆ సీన్‌లో ఒక పెద్ద నిజం ఉంది. బట్టీ పట్టిన పశ్చాత్తాపం వాసన ఆ గదిలో కూర్చునేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. నేను అర్జీలు రాసిన వాళ్లలో ఎక్కువమంది మొదటిసారి చెప్పేది ఆ బట్టీ పాఠమే, పక్క బ్యారక్‌లో విడుదలైనవాడు ఏం రాశాడో అడిగి తెచ్చుకున్నది. కానీ రెండు నిమిషాల్లో స్టాంపు కొట్టేయడం మాత్రం సినిమా కోసమే. అమెరికాలోని కాలిఫోర్నియాలో జీవిత ఖైదీ హియరింగ్ గంటల తరబడి సాగుతుంది. మానసిక నిపుణుడి అంచనా, లోపల పడిన ప్రతి క్రమశిక్షణ కేసు, బయటికెళ్తే ఎక్కడ ఉంటాడు, ఎవరు పని ఇస్తారు, తాగుడు మళ్లీ మొదలైతే ఎవరికి ఫోన్ చేస్తాడు, ఇవన్నీ అడుగుతారు.

ఆ సినిమాలోనే ఇంకో విషయం చూడండి. రెడ్ హంతకుడని మనకు తెలుసు, కానీ ఎవరిని చంపాడో, ఎలా చంపాడో తెర మీద చెప్పరు. దానికి ఆధారమైన స్టీఫెన్ కింగ్ నవలికలో (1982) చెప్తారు. ఇన్సూరెన్స్ డబ్బు కోసం భార్య కారు బ్రేకులు పాడుచేశాడు. ఆ కారులో పక్కింటావిడ, ఆమె పసిబిడ్డ కూడా ఉన్నారు. ముగ్గురూ పోయారు. సినిమాలో ఆ పసిబిడ్డ సంగతి చెప్పి ఉంటే, చివర్లో బీచ్ మీద నడిచి వస్తున్న రెడ్‌ని చూసి మనం అంత హాయిగా కళ్లు తుడుచుకునేవాళ్లమా? నాకు చాలా ఇష్టమైన సినిమా అది, అయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. నేరం కనపడకపోతే క్షమించడం తేలిక. 'లే మిజరబుల్' నవలలో విక్టర్ హ్యూగో తన కథానాయకుడు జాన్ వాల్‌జాన్‌కి ఇచ్చిన నేరం కూడా అంతే, ఆకలితో ఉన్న పిల్లల కోసం రొట్టె దొంగతనం. దానికి అయిదేళ్లు, పారిపోవాలని చూసినందుకు ఇంకో పద్నాలుగేళ్లు. అతన్ని క్షమించడానికి మనకు పెద్ద మనసేం అక్కర్లేదు. మీరు అడిగిన ప్రశ్న మొదలయ్యేదే చంపినవాడి దగ్గర.

మారాడని ఎలా తెలుస్తుంది అన్నారు కదా. నా అనుభవంలో అది ముందు క్రియాపదంలో తెలుస్తుంది.

తెలుగులో ఒక వెసులుబాటు ఉంది. చేసినవాడు లేకుండానే పని జరిగిపోయినట్టు చెప్పొచ్చు. "గొడవ అయ్యింది", "చెయ్యి జారింది", "ఆవేశంలో జరిగిపోయింది", "మనిషి పోయాడు". ఒకతని అర్జీ నాకు బాగా గుర్తుంది. అప్పు గురించి గొడవపడి స్నేహితుణ్ణి చంపాడు. మొదటిసారి నాకు చెప్పింది ఇంతే: "తాగి ఉన్నాం సార్. మాటా మాటా పెరిగింది. కత్తి దిగింది." నేను రాసుకుంటూ, కత్తి ఎక్కడిది అని అడిగాను. ఇంట్లోది అన్నాడు. ఇంటికీ గొడవ జరిగిన చోటికీ ఎంత దూరం అన్నాను. పది నిమిషాల నడక అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడలేదు. ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు, ములాఖత్ టైం అయిపోయింది.

నెలల తరబడి ఆ కాగితం అక్కడే ఆగింది. వెళ్లిన ప్రతిసారీ ఒక వాక్యం మార్చేవాడు. "కత్తి దిగింది" కాస్తా "కత్తి తగిలింది" అయింది. తర్వాత "నా చేతిలో కత్తి తగిలింది" అయింది. దాదాపు ఏడాది తర్వాత లైబ్రరీలో కూర్చుని తనే రాసిన కాగితం చేతికిచ్చాడు. "ఇంటికి వెళ్లాను. కత్తి తీసుకున్నాను. పది నిమిషాలు నడిచి వెనక్కి వచ్చాను. దారిలో ఎక్కడైనా ఆగి ఉండొచ్చు. ఆగలేదు. పొడిచాను." అందులో ఏడుపు లేదు, క్షమించండి అనే మాట కూడా లేదు. అయినా అంతకంటే నిజమైన పశ్చాత్తాపం నేను చదవలేదు. ఆ అర్జీని మొదటిసారి తిరస్కరించారు. కారణం కింద "నేర తీవ్రత" అని రెండు మాటలు రాశారు. నేరం తీవ్రత ఎన్నేళ్లయినా తగ్గదు కదా, మరి ఆయన మారి ప్రయోజనమేంటని నాకు ఆ రోజు చాలా కోపం వచ్చింది.

ఈ ప్రశ్ననే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2008లో ఎదుర్కొంది. నేరం ఎంత ఘోరమైనదైనా, అదొక్కటే చూపించి పెరోల్ ఆపలేరని, ఆ మనిషి ఈ రోజుకి కూడా ప్రమాదమేనని చూపించే ఆధారం ఉండాలని చెప్పింది. అప్పటి నుంచి అక్కడి బోర్డులు "ఇన్‌సైట్" అనే మాట మీద గట్టిగా నిలబడ్డాయి. తను ఏం చేశాడో, ఎందుకు చేయగలిగాడో, తనలో ఏది అందుకు ఒప్పుకుందో ఆ మనిషికి తెలుసా అని చూస్తాయి. మన సుప్రీంకోర్టు 2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులో చెప్పిన కొలతలూ అదే దారిలో ఉన్నాయి. ఆ నేరం సమాజం మొత్తాన్ని కుదిపేదా లేక ఒక వ్యక్తికి పరిమితమా, మళ్లీ చేసే అవకాశం ఉందా, చేసే శక్తి ఇంకా మిగిలిందా, ఇంకా లోపల ఉంచితే ఏమైనా ప్రయోజనం ఉందా, కుటుంబం పరిస్థితి ఏంటి అని చూడమంది. ఇంగ్లండ్‌లో 2020లో తెచ్చిన చట్టం ఇంకా సూటిగా ఉంటుంది. దాన్ని హెలెన్స్ లా అంటారు. చంపినవాడు శవం ఎక్కడుందో చెప్పకపోతే, ఆ మౌనాన్ని పెరోల్ బోర్డు తప్పనిసరిగా లెక్కలోకి తీసుకోవాలి. ఒక తల్లి తన కూతురి అవశేషాల కోసం ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన చట్టం అది. నా దృష్టిలో పశ్చాత్తాపానికి అంతకంటే మంచి పరీక్ష లేదు. ఎంత బాధపడుతున్నావో తర్వాత, ముందు ఎక్కడ పాతిపెట్టావో చెప్పు.

ఇన్‌సైట్‌తో ఒక చిక్కుంది. తను చేయలేదని చివరిదాకా అనేవాడి సంగతేంటి? స్టాన్లీ టూకీ విలియమ్స్ కథ ఇక్కడ చెప్పాలి. లాస్ ఏంజెలెస్‌లో క్రిప్స్ గ్యాంగ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడు, 1979లో జరిగిన నాలుగు హత్యలకు మరణశిక్ష పడింది. జైల్లో ఉండి పిల్లలు గ్యాంగుల్లోకి వెళ్లొద్దని పుస్తకాలు రాశాడు, నోబెల్‌కి నామినేట్ అయ్యాడు. 2004లో జేమీ ఫాక్స్ హీరోగా 'రిడెంప్షన్' అనే టీవీ సినిమా కూడా వచ్చింది. 2005 డిసెంబరులో క్షమాభిక్ష అర్జీ గవర్నర్ ముందుకు వెళ్లింది. ఆ గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్. క్షమాపణ చెప్పకుండా, ప్రాయశ్చిత్తం లేకుండా విమోచనం ఉండదని రాసి తిరస్కరించాడు. ఆ హత్యలు తాను చేయలేదని విలియమ్స్ చివరిదాకా అన్నాడు, డిసెంబరు 13న శిక్ష అమలైంది. తెర మీద విమోచనం పొందిన మనిషికే కాగితం మీద అది దక్కలేదు. గవర్నర్ అడిగిన ప్రశ్న సరైనదే అనుకుంటాను. కానీ ఆ ప్రశ్నకు జవాబు రాకపోతే ప్రాణం తీయడం సరైనదని నేను ఏనాడూ అనుకోలేదు. ఆ పుస్తకాలు చదివి ఒక్క పిల్లాడు వెనక్కి తిరిగినా, అది రాసిన చెయ్యి బతికుండటం వల్ల ఎవరికీ నష్టం లేదు.

సినిమాలు నన్ను ఎక్కువ బాధపెట్టేది బాధితుల దగ్గర. హియరింగ్ సీన్‌లో చనిపోయినవాడి అన్నో భార్యో ఒక నిమిషం అరిచి కూర్చుంటారు. కెమెరా మళ్లీ ఖైదీ మొహం మీదకి వెళ్తుంది, మనం వాళ్లని అడ్డుపుల్లలుగా చూస్తాం. కానీ ఖైదీకి హియరింగ్ పడిన ప్రతిసారీ ఆ కుటుంబం ఆ రాత్రిని మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఒకడి ఆశ కోసం ఇంకొకరి గాయం ప్రతిసారీ తెరుచుకుంటుంది. దీనికి తేలికైన పరిష్కారం ఎక్కడా కనపడలేదు. వాళ్లకి ముందుగా చెప్పకుండా, అడగకుండా చేయడం మాత్రం తప్పు, ఇందులో నాకు సందేహం లేదు. బిల్కిస్ బానో కేసులో (2002 గుజరాత్ అల్లర్లలో ఆవిడ మీద జరిగిన సామూహిక అత్యాచారం, ఆవిడ కుటుంబసభ్యుల హత్యల కేసు) యావజ్జీవం పడిన పదకొండు మందిని 2022 ఆగస్టు 15న వదిలినప్పుడు, ఇంత పెద్ద నిర్ణయం తీసుకునే ముందు తన భద్రత గురించి ఎవరూ అడగలేదని ఆవిడ చెప్పారు. బయటికొచ్చినవాళ్లకి దండలేసి స్వాగతం పలికారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలని రద్దు చేసి, రెండు వారాల్లో జైలుకు తిరిగి వెళ్లమంది. నిజంగా మారినవాడు ఆ దండ మెడలో వేయించుకోలేడు. నేను చూసినవాళ్లలో అలాంటివాళ్లు గేటు దాటాక తల దించుకుని, ఎవరి కంటా పడకుండా బస్సెక్కి వెళ్లారు.

తెర మీద తరచుగా కనిపించే ఇంకో పద్ధతి, మారిన దుర్మార్గుణ్ణి క్లైమాక్స్‌లో చంపేయడం. హీరోకి తగలాల్సిన బుల్లెట్‌కి అడ్డుపడతాడు, ఒళ్లో తల పెట్టుకుని ప్రాణం వదులుతాడు, అందరూ ఏడుస్తారు. చచ్చిపోయాడు కాబట్టి మర్నాడు వాడికి ఎవరు పని ఇస్తారు, ఎవరి ఇంట్లో ఉంటాడు, పిల్లలు వాడితో మాట్లాడతారా అన్న ప్రశ్నలే రావు. డోస్టోయెవ్‌స్కీ అంతటివాడే 'క్రైమ్ అండ్ పనిష్మెంట్'లో హంతకుడు రాస్కల్నికోవ్ మారడం మొదలైన చోట నవల ఆపేసి, మిగిలింది ఇంకో కథ అన్నాడు.

ఆ మర్నాటి సంగతి చెప్పిన పాత కథ ఒకటుంది, అంగులిమాలుడిది. మనుషుల్ని చంపి వేళ్లు దండగా వేసుకున్నవాడు బుద్ధుణ్ణి కలిసి మారిపోయాడు అనేదాకా అందరికీ తెలుసు. బుద్ధుడి బోధల పాళీ సంకలనమైన మజ్ఝిమ నికాయంలో కథ అక్కడ ఆగదు. భిక్షువుగా మారి శ్రావస్తిలో భిక్షకు వెళ్తే, ఒకరు మట్టిపెడ్డ, ఒకరు కర్ర, ఒకరు కుండపెంకు విసిరారు. తల పగిలి, రక్తం కారుతూ, పగిలిన భిక్షాపాత్రతో, చిరిగిన బట్టతో బుద్ధుడి దగ్గరకి వచ్చాడు. ఓర్చుకో, ఇది నువ్వు చేసినదాని ఫలమే అన్నాడు బుద్ధుడు. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఇంకో మాట ఉంది. అతన్ని చూసి జనం భయపడి పారిపోయారట, తలుపులు మూసుకున్నారట. వాళ్ల ఫిర్యాదు విని, ఇకమీదట పేరుమోసిన దొంగలకి సన్యాస దీక్ష ఇవ్వకూడదని బుద్ధుడు నియమం పెట్టాడు. అతన్ని మాత్రం వెళ్లగొట్టలేదు. మారిన మనిషికి చోటిస్తూనే, జనం భయాన్ని తక్కువ చేసి చూడలేదు. ఈ కాలపు పెరోల్ బోర్డు చేయాల్సిన పని కూడా ఇదే.

మన సినిమాల్లో దీనికి దగ్గరగా వచ్చింది వి. శాంతారామ్ తీసిన 'దో ఆంఖే బారహ్ హాథ్' (1957). ఎన్టీఆర్ 'మా దైవం' (1976) దాని రీమేకే. ఒక జైలరు ఆరుగురు హంతకుల్ని బీడుపడిన పొలానికి తీసుకెళ్లి సంకెళ్లు లేకుండా పని చేయిస్తాడు. చివర్లో చనిపోయేది జైలరు, ఖైదీలు బతికే ఉంటారు. నేల దున్నుతూ, పండించింది అమ్ముకుంటూ రోజులు గడపడమే అందులో కథ. అది వట్టి కల్పన కాదు, ఇప్పటి మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానంలో 1939 ప్రాంతంలో జరిగిన ఓపెన్ జైలు ప్రయోగం దానికి ఆధారం. ఈ రోజు కూడా రాజస్థాన్‌లోని సాంగానేర్‌లో అలాంటిది నడుస్తోంది. హత్య కేసుల్లో ఉన్నవాళ్లు కూడా అక్కడ కుటుంబంతో కాపురం ఉంటారు. పొద్దున బయటికెళ్లి పని చేసుకుని, సాయంత్రం హాజరుకి తిరిగొస్తారు. మనిషిని నమ్మొచ్చో లేదో ఏ గదిలోనూ తేలదు. వందలసార్లు తలుపు తెరిచి ఉంచితే, వందలసార్లూ తిరిగొస్తే తేలుతుంది.

విడుదల తర్వాతి జీవితాన్ని షాషాంక్ నిజాయితీగా చూపించింది. యాభై ఏళ్లు లోపలున్న బ్రూక్స్ బయటి వేగానికి తట్టుకోలేక ఉరేసుకుంటాడు. అదే గదిలోకి వచ్చిన రెడ్, షాపులో పని చేస్తూ బాత్రూంకి వెళ్లడానికి కూడా మేనేజర్ని పర్మిషన్ అడుగుతాడు. కొత్తగా విడుదలైనవాళ్లు తెరిచి ఉన్న తలుపు ముందు ఎవరో రమ్మనేదాకా నిలబడిపోవడం నేనూ చూశాను. పరిశోధనలు ఒక విషయం మళ్లీ మళ్లీ చెప్తున్నాయి, వయసుతో పాటు హింస బాగా తగ్గుతుందని, చాలాకాలం శిక్ష అనుభవించి పెద్ద వయసులో బయటికొచ్చిన జీవిత ఖైదీలు మళ్లీ హత్య చేయడం చాలా అరుదని. భయపడాల్సింది వాళ్లు చేసే హాని గురించి కంటే, వాళ్లు ఒంటరిగా ఒక గదిలో ఏమైపోతారో అన్నదాని గురించి.

మీ మూడో ప్రశ్న. అలాంటివాడు నా పక్కింట్లోకి వస్తే ఒప్పుకుంటాను. మారావా అని అడగను. ఎప్పుడైనా తనంతట తను ఆ రాత్రి గురించి చెప్తే మాత్రం శ్రద్ధగా వింటాను, వాక్యంలో "నేను" ఎక్కడుందో చూస్తాను. కత్తి దిగింది అనేవాడైతే తలుపు గడియ సరిగ్గా వేసుకుంటాను, పొడిచాను అనేవాడైతే పిల్లల్ని ఆ గుమ్మం ముందు ఆడుకోనిస్తాను. ఒక్క చోట మాత్రం ఒప్పుకోను. చనిపోయినవాడి తల్లి అదే వీధిలో ఉంటే, అతనెంత మారినా అక్కడికి రాకూడదు. ఇంగ్లండ్‌లో విడుదలైన జీవిత ఖైదీలు బతికున్నంత కాలం లైసెన్స్ మీదే, అంటే షరతులకు లోబడే ఉంటారు, ఫలానా ప్రాంతంలో అడుగు పెట్టకూడదనే షరతు అందులో పెట్టే వీలుంది. అలాంటి షరతు విని తల ఊపి వేరే ఊళ్లో ఇల్లు చూసుకున్నవాళ్లని నేనెరుగుదును. నేను అర్జీ రాసిన ఆ మనిషి రెండోసారి పెట్టుకున్న అర్జీతో విడుదలయ్యాడు. అలాంటి షరతు ఎవరూ పెట్టకుండానే, ఆ అర్జీలో తనే రాయించుకున్నాడు.